పంజాబ్ దారిలో నూర్‌మహల్ సరాయి

హైదరాబాద్ నుంచి అమృత్‌సర్‌కు కారులో వెళ్తున్నాం, దారిలో ఆగి చూడదగ్గ పాతకాలపు సరాయి, అంటే బాటసారులు బస చేసే సత్రం లాంటిది, ఉందా అని అడిగారు. ఉందండీ, నూర్‌మహల్. మేం మొన్న చలికాలంలో చూసొచ్చాం.

దారికి టెన్షన్ అక్కర్లేదు. మేడ్చల్ మీదుగా పోయే మన 44వ నంబరు హైవేనే నాగ్‌పూర్, ఝాన్సీ, ఢిల్లీ దాటి అటు పోతుంది. లూధియానా తర్వాత సట్లెజ్ దాటగానే ఫిల్లౌర్. అక్కడ హైవే వదిలి ఎడమకు తిరగాలి.

ఆగ్రా–లాహోర్ బాటసారుల కోసం నూర్జహాన్ కట్టించిన సరాయి ఇది. 1618 ప్రాంతంలో మొదలై రెండు మూడేళ్లలో పూర్తయింది. పెళ్లయిన కొత్తలో జహంగీర్ ఆమెకిచ్చిన బిరుదు నూర్‌మహల్. నూర్జహాన్ అన్నది 1616లో వచ్చింది. ఊరికి మాత్రం పాత పేరే ఉండిపోయింది.

అసలు చూడాల్సింది పడమటి దర్వాజా. మిగతా సరాయి ఇటుకే. దర్వాజా ముఖానికి మాత్రం ఎర్ర ఇసుకరాయి పలకలు, వాటి మీద ఏనుగుల పోట్లాట, నెమళ్లు, ఇంకా ఏవేవో జంతువులు. మేం తెలివితక్కువగా పొద్దున తొమ్మిదికే వెళ్లాం. ఎండ అవతలి వైపు, దర్వాజా అంతా నీడ. "సత్రం భోజనం లేదు, మఠం నిద్ర లేదు, గోడ చూడ్డానికి ఇంత దూరమా?" అని నాన్నగారు ఒకటే సణుగుడు. జలంధర్‌లో దిగి, సాయంత్రం నాలుగింటికి మళ్లీ వచ్చాం. ఏటవాలు ఎండలో ప్రతి బొమ్మా పైకి లేచినట్టుంది. ఏనుగుల్ని వేలు పెట్టి లెక్కపెట్టింది ఆయనే!

లోపల నాలుగు వైపులా గదుల వరస, మధ్యలో పెద్ద ఆవరణ, మసీదు, బావి. రాత్రి తలుపులు మూసేస్తే సరుక్కీ పశువులకీ దొంగల భయం ఉండేది కాదు. ఇప్పుడు బస ఏమీ ఉండదు, గది జలంధర్‌లోనే తీసుకోండి. దారిలో కర్నాల్ దగ్గర కోస్ మినార్ కూడా ఉంది, క్రోసుకొకటి (క్రోసంటే సుమారు మూడు కిలోమీటర్లు) చొప్పున మొగలులు నిలిపిన ఇటుక స్తంభాల్లో అదొకటి. పది నిమిషాలు చాలు.

బయల్దేరే ముందు ఒక ఆదివారం మన షేక్‌పేట సరాయి చూడండి. గోల్కొండకు వచ్చేవాళ్ల కోసం కుతుబ్‌షాహీల కాలంలో కట్టింది, రెండంతస్తులు, గుర్రాలు, ఒంటెలు కట్టేసే చోటుతో సహా. మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి పదేళ్లు అటే ఆఫీసుకు తిరిగాను. పంజాబ్ నుంచి వచ్చాకే మొదటిసారి బండి ఆపాను.