ఎమ్మెల్యే గ్రూపులో పెట్టాం కదా, ఇంక చూసుకుంటార్లే!

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎమ్మెల్యేల వాట్సాప్ గ్రూపుల గురించే. వాన నుంచి ఆస్పత్రి బిల్లు దాకా అన్నీ అందులోనే పెట్టి, నీలం టిక్కు పడిందా లేదా అని చూస్తూ కూర్చుంటున్నారు జనం. ఆ గ్రూపులు దండగ అని నేననను, కొన్ని కబుర్లు అక్కడే ముందు తెలుస్తాయి. కానీ అక్కడ పెట్టింది ఫిర్యాదు కింద లెక్కకు రాదు. ఏ విషయం ఎక్కడికి చేరాలో కింద ఒక్కొక్కరికీ రాస్తున్నాను.

ప్రశ్న: మాది ఖమ్మంలో మున్నేరు పక్కన కాలనీ. 2024 సెప్టెంబర్ 1న ఇల్లు మునిగింది. అప్పట్నుంచి నాలుగు చినుకులు పడితే చాలు, రాత్రంతా ఎమ్మెల్యే గారి గ్రూపు చూస్తూ జాగారమే. ఒకరు ఏరు పెరిగిందంటారు, ఒకరు పాత వీడియో పెడతారు, ఇంకొకరు ‘ఏం కాదు, పడుకోండి’ అంటారు. ఎవర్ని నమ్మాలండీ? – ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీ కాలనీలో కురిసే వానకీ మున్నేరు పొంగడానికీ సంబంధం తక్కువ. పైన మహబూబాబాద్ వైపు గట్టిగా కొడితే, ఆకేరు కూడా వచ్చి తీర్థాల దగ్గర కలిసి, మీకు చుక్క పడకపోయినా ఏరు మీదికొస్తుంది. కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరికల్లో ఖమ్మం ఒక్కటే చూడకండి, పై జిల్లాల రంగు కూడా చూడండి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సర్దుకుని సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఇక కదలమని. 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే దాన్ని ‘అత్యంత భారీ’ వర్షం అంటారు, మీ పైజిల్లాకు ఆ మాట వచ్చిన రోజు నిద్ర సంగతి తర్వాత, ముందు సామాను పైకెక్కించండి.

రెండోది, అడుగుల్లో మాట్లాడటం అలవాటు చేసుకోండి. ఖమ్మం దగ్గర మున్నేరు 16 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 24కి రెండోది. మీరు మునిగిన రోజు అది 30 అడుగులు దాటి పోయింది. గ్రూపులో ఎవరైనా ‘ఏరు పెరుగుతోంది’ అంటే ‘ఎన్ని అడుగులు, ఎన్ని గంటలకు చూశారు?’ అని ఒక్క ప్రశ్న వేయండి. చూసొచ్చినవాడు చెప్తాడు, ఫార్వర్డ్ చేసినవాడు మాయమవుతాడు. భద్రాచలం వాళ్లు గోదావరి గురించి మాట్లాడితే వినండి: 43, 48, 53 అని మూడు హెచ్చరికలూ పిల్లలకు సైతం నోటికి వచ్చేస్తాయి. 2022 జులైలో అక్కడ 71 అడుగులు దాటింది, అంత నీటిని చూసినవాళ్లు ‘చాలా పెరిగింది’ లాంటి మాటతో సరిపెట్టుకోరు మరి.

ఫోన్‌లో ‘సచేత్’ అనే యాప్ పెట్టుకోండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థది, మీరున్న చోటికి వర్తించే హెచ్చరికలు దాంట్లోకి నేరుగా వస్తాయి.

ఇక ఎమ్మెల్యే గ్రూపు ఎందుకంటారా? ఏ స్కూల్లో పునరావాస కేంద్రం తెరిచారు, అన్నం పొట్లాలు ఎక్కడికి వచ్చాయి, పడవ ఏ సందులోకి వస్తోంది, ఇలాంటివి వాళ్ల మనుషులకే ముందు తెలుస్తాయి. వాటికి ఆ గ్రూపును మించింది లేదు. ఏరు ఎంత వస్తుందో చెప్పడం వాళ్ల పని కాదు. ఇంకొక్క మాట, నీళ్లు చూద్దామని వంతెన మీదికి మీ అబ్బాయిల్ని పంపకండి. ఆ రోజు ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటలకొద్దీ ఇరుక్కుపోతే చివరికి జేసీబీ వెళ్లి తీసుకొచ్చింది, మర్చిపోయుండరు.

ప్రశ్న: నంద్యాల జిల్లా మాది. ఎమ్మెల్యే గారి మండల గ్రూపులో ‘లబ్ధిదారుల కొత్త జాబితా’ అని ఒక ఫైలు వస్తే మా నాన్న తెరిచారు. అరగంటలో ఆయన ఫోన్ నుంచి అదే ఫైలు బంధువులందరికీ వెళ్లిపోయింది, పొద్దున్నకి ఖాతాలో 48 వేలు లేవు. గ్రూపులో అడిగితే ‘మేం పెట్టలేదు’ అన్నారు. పోలీసులకు చెప్తే ఎమ్మెల్యే గారికి చెడ్డపేరు వస్తుందని నాన్న ఆపుతున్నారు. ఏం చేయాలి? – డిగ్రీ విద్యార్థి

జవాబు: బాబూ, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్, ఈ జవాబు మిగతాది తర్వాత చదువు. చెడ్డపేరు గొడవేమీ లేదు, మీ నాన్నలాగే ఆ ఫైలు పెట్టిన మనిషి ఫోన్ కూడా అప్పటికే దొంగల చేతికి వెళ్లిపోయి ఉంటుంది. అందుకే అంత నమ్మకంగా కనిపించింది: తెలిసిన పేరు, తెలిసిన గ్రూపు, నాయకుడి ఫొటో.

ఆ ఫైలు పేరు చివర చూడు, ‘ఏపీకే’ అని ఉంటుంది. అది జాబితా కాదు, యాప్. జాబితా అయితే పీడీఎఫ్‌గానో ఫొటోగానో వస్తుంది తప్ప ఇన్‌స్టాల్ చేయమని అడగదు. దాన్ని నొక్కగానే ‘తెలియని చోటు నుంచి వచ్చిన యాప్, అనుమతించాలా?’ అని ఫోన్ ఒకసారి అడుగుతుంది, పెద్దవాళ్లు ఓకే కొట్టేస్తారు. తర్వాత మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది, దానికీ ఓకే. అంతే, బ్యాంకు పంపే ఓటీపీ మీ నాన్న కంటే ముందు వాడు చదువుతాడు. కొన్నిసార్లు కాల్స్ కూడా వాడి నంబరుకు మళ్లిస్తారు, అందుకే బ్యాంకు నుంచి ఫోన్ వచ్చినా మీకు మోగదు.

ఆ ఫోన్‌ని వెంటనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు, ఇంకో ఫోన్ నుంచి 1930కీ బ్యాంకుకీ చెప్పు. 1930 వాళ్లు ఇచ్చే నంబరు రాసిపెట్టుకుని, సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చెయ్. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది, ఎక్కడో ఒకచోట ఆగి ఉండగానే దాన్ని స్తంభింపజేయాలి, అందుకే మొదటి గంట, రెండు గంటలకు అంత విలువ. ఆలస్యమైంది కదా అని మానకు. కాల్స్ మళ్లింపు పోవడానికి, సిగ్నల్ ఇచ్చాక, ##002# డయల్ చెయ్. బ్యాంకు యాప్ పాస్‌వర్డ్, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చి, పాత ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే మళ్లీ వాడండి. కానీ దానికి ముందు ఆ ఫైలు వచ్చిన మెసేజ్‌ని ఇంకో ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకో, పోలీసులు అడుగుతారు.

బ్యాంకు ‘మీ తప్పే’ అంటుంది, దానికి సిద్ధంగా ఉండు. రిజర్వ్ బ్యాంకు 2017 జులై ఆదేశం ప్రకారం ఖాతాదారుడి నిర్లక్ష్యం ఉన్నా, బ్యాంకుకు చెప్పిన క్షణం తర్వాత పోయిన డబ్బు బ్యాంకు భారమే. కాబట్టి ఎప్పుడు చెప్పావో రుజువు ఉండాలి, ఫోన్‌తో పాటు మెయిల్ కూడా పంపు.

గ్రూపు నడిపేవాళ్లకి ఒక విన్నపం. వెయ్యి మంది ఉన్న గ్రూపులో ఎవరైనా ఏదైనా పెట్టొచ్చని వదిలేస్తే ఇలాగే అవుతుంది. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చడానికి పట్టేది అర నిమిషం. సారుకు జేజేలు కొట్టే స్టిక్కర్లు కాస్త తగ్గుతాయి, అంతేగా.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా గల్లీ మలుపులో మ్యాన్‌హోల్ మూత విరిగిపోయింది. ఫొటో తీసి ఎమ్మెల్యే గ్రూపులో మూడుసార్లు పెట్టాను. పీఏ గారు ప్రతిసారీ నమస్కారం ఎమోజీ పెడుతున్నారు. – ఆటో డ్రైవర్

జవాబు: నమస్కారంతో మూత రాదన్నా. మ్యాన్‌హోల్ జలమండలిది, 155313కి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. వేలాడే కరెంటు తీగ అయితే 1912, అది రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. నంబరు, తేదీ, ఫొటో మూడూ కలిపి అప్పుడు ఎమ్మెల్యే ఆఫీసుకు పంపండి. నంబరుంటే పీఏ గారు ఆ ఇంజినీరుకు ఫోన్ చేసి ‘ఇది ఎందుకు పెండింగ్‌లో ఉంది’ అని గట్టిగా అడగగలుగుతారు, లేకపోతే ఆయన దగ్గర కూడా ఎమోజీయే ఉంటుంది. ఈలోపు ఆ గుంతలో ఒక కొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టండి. వాన నీళ్లు నిలిస్తే అక్కడ గుంత ఉందని ఎవరికీ కనపడదు.

ప్రశ్న: 100, 101, 108, 112, 181, 1098... ఇన్ని నంబర్లు ఈ వయసులో ఎలా గుర్తుంటాయి? – రిటైర్డ్ టీచర్

జవాబు: మాస్టారూ, 112 ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడింటికీ అదే. డబ్బు మోసానికి 1930 విడిగా రాసుకోండి. మీలాంటి పెద్దలకు పింఛను చిక్కులు, పిల్లలు పట్టించుకోకపోవడం వంటి వాటికి 14567 ఉంది, దాన్ని ఫ్రిజ్ మీద అంటించండి.

ప్రశ్న: మా ఊళ్లో ఒక అమ్మాయిపై అఘాయిత్యం జరిగింది. ఎమ్మెల్యే గారు పరామర్శకు వచ్చారు, మంచిదే. సాయంత్రానికల్లా ఆ అమ్మాయి పేరు, తల్లిదండ్రుల ఫొటోలు, ఇంటి ముందు తీసిన వీడియో గ్రూపులో ఉన్నాయి. తీయమంటే ‘సాయం చేస్తుంటే రాజకీయం చేస్తావా’ అంటున్నారు. – తూర్పు గోదావరి పాఠకురాలు

జవాబు: రాజకీయం చేసింది మీరు కాదు. లైంగిక నేరంలో బాధితురాలెవరో తెలిసేలా పేరు గానీ, వివరం గానీ బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. తల్లిదండ్రుల ముఖం, ఇల్లు చూపించినా ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది కదా, అదీ దీని కిందికే వస్తుంది. మైనర్ అయితే పోక్సో చట్టం కూడా తోడవుతుంది. ఈ ముక్కని గ్రూపులో కాకుండా అడ్మిన్‌కి విడిగా పంపండి, చాలామంది తెలియక పెడతారు, చెప్తే తీస్తారు. తీయకపోతే స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి.

ఆ కుటుంబానికి ఈ రెండు విషయాలు మెల్లగా చెప్పండి. మా స్టేషన్ పరిధి కాదు అని ఎవరూ వెనక్కి పంపకూడదు, ఎక్కడ ఇచ్చినా జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాల్సిందే, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో అది స్పష్టంగా ఉంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తోడు, కౌన్సెలింగ్, ఉండటానికి చోటు కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయమనండి. నాయకుడు వచ్చి వెళ్లాక ఆ ఇంట్లో ఇంకా చాలా రోజులు గడవాలి.

ప్రశ్న: ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే లెటర్ ఇప్పిస్తానని ఒకాయన పది శాతం అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా? – కరీంనగర్

జవాబు: పైసా ఇవ్వకండి. లెటర్‌కు ఫీజు లేదు. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి కాగితం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు మీరే వెళ్లండి. తెలంగాణలో 2024 జులై నుంచి ఈ దరఖాస్తులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నారు, ఎక్కించాక వచ్చే నంబరు అడిగి తీసుకోండి. బిల్లులు ఇచ్చేముందు జిరాక్స్ తీయించుకోవడం మర్చిపోకండి, పోతే మళ్లీ ఆస్పత్రి చుట్టూ తిరగాలి.

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో శాన్‌హోసేలో ఉంటాం, హెచ్1బీ. ఇక్కడి రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడి ఆఫీసు నుంచి ప్రతి నెలా మెయిల్ వస్తుంది: భద్రతా సమావేశం, భూకంపం కిట్టు, దొంగతనాల జాగ్రత్తలు అని. ఓటు లేనివాళ్లం వెళ్లొచ్చా? అమ్మానాన్నలు ఆరు నెలలకు వచ్చారు, పగలు ఇద్దరే ఇంట్లో ఉంటారు, అదే టెన్షన్. – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: హాయిగా వెళ్లండి, వాళ్లు నియోజకవర్గంలో ఉండే అందరికీ ప్రతినిధులే, గేటు దగ్గర ఓటరు కార్డు అడగరు. అసెంబ్లీలో 80 మంది, రెండేళ్లకోసారి ఎన్నిక, జనం మొహం మర్చిపోయేంత తీరిక వాళ్లకు ఉండదు. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీలో మీ లైసెన్సు ఇరుక్కుంటే, రాష్ట్ర నిరుద్యోగ శాఖ జవాబివ్వకపోతే ఆ ఆఫీసుకు రాయండి. వీసా, పాస్‌పోర్టు సంగతులు మాత్రం రాష్ట్రానివి కావు, మీ ప్రాంతం నుంచి అమెరికా కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, వెళ్లిన సభ్యుడి ఆఫీసు చూస్తుంది.

అమ్మానాన్నల ఫోన్‌లో భూకంపం హెచ్చరికకు ‘మైషేక్’ యాప్ వేయండి. మీ శాంటా క్లారా కౌంటీ హెచ్చరికలకు ‘అలర్ట్ఎస్‌సీసీ’లో పేరు నమోదు చేసుకోండి. 911కి ఫోన్ చేస్తే ‘తెలుగు’ అని ఒక్క మాట అంటే దుబాసీని లైన్లోకి తెస్తారని నాన్నగారికి చెప్పండి, ఇంటి చిరునామా ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో ఫోన్ పక్కనే అంటించండి. బంగారం ఇంట్లో పెట్టి గుడికి వెళ్లి, గుళ్లోంచి లైవ్ ఫొటోలు పెట్టడం ఆపమని అమ్మగారికి కూడా కాస్త చెప్పాలి.

వాళ్లు తిరిగి ఊరెళ్లాక ఒకటి గుర్తుంచుకోండి: అమెరికా నుంచి 112 కొడితే మన పోలీసులకు పోదు. మీ ఊరి స్టేషన్ నంబరు +91తో, పక్కింటివాళ్లది కూడా, ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి.

ప్రశ్న: మా ఎమ్మెల్యే గ్రూపులో రోజుకు రెండొందల పుట్టినరోజు శుభాకాంక్షలు. ఫోన్ నిండిపోతోంది. బయటికొచ్చేస్తే ఏమైనా అనుకుంటారా? – పేరు రాయొద్దు ప్లీజ్

జవాబు: వాట్సాప్‌లో ఇప్పుడు గ్రూపులోంచి వెళ్లిపోతే ఆ కబురు అందరికీ పోదు, అడ్మిన్లకే పోతుంది. మీ కేసులో అడ్మిన్ ఎవరి మనిషో మీకే తెలుసు కాబట్టి మ్యూట్ చేసి, ఫొటోలు వాటంతటవే డౌన్‌లోడ్ అవడం ఆపేయండి.