మిల్లు ముద్ర లేని ఒప్పందం: బాకీ గుమాస్తాదా, యజమానిదా?

అన్నా, మిర్యాలగూడ మిల్లుకు గోనెసంచులు కొన్న ఒప్పందం మీద గుమాస్తాగా మీరు సంతకం పెట్టిన్రు, మిల్లు ముద్ర లేదు, వ్యాపారి నోటీసు మీ పేరునే పంపిండు, అంతే కదా? భయపడకుండ్రి. 1872 కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ప్రకారం, వేరేగా రాసుకుంటే తప్ప, యజమాని తరఫున చేసిన ఒప్పందానికి ఏజెంటు, అంటే మీలాగ యజమాని కోసం పనిచేసే మనిషి, సొంతంగా బాధ్యుడు కాడు. ముద్ర గురించి దిగులొద్దు. కంపెనీల చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత కంపెనీలకే అది తప్పనిసరి కాదు.

అసలు చూడాల్సింది కాగితంలో మిల్లు పేరుందా అని. యజమాని ఎవరో చెప్పకుండా సంతకం పెడితే బాధ్యత మీదేనని చట్టం ముందుగా భావిస్తది. అప్పుడు, సరుకు మిల్లుకేనని వ్యాపారికి మొదటి నుంచీ తెలుసని బిల్లులు, వేబిల్లులు, వాట్సాప్ మెసేజీలతో మీరే చూపించాలె. అవి ఇయ్యాలే భద్రం చేసుకోండి.

ప్రామిసరీ నోటు కూడా రాసిచ్చిన్రా? ఏజెంటునని రాయకుండా పెట్టిన సంతకం అక్కడ మెడకు చుట్టుకుంటది. ఆ సంగతి వకీలుకు ముందే చెప్పి, గడువులోపే జవాబు పంపించండి.