ఒకే సెల్‌తో పగలు నీళ్లు విడగొట్టి, రాత్రి కరెంటు తీయొచ్చా?

అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చేస్తున్న తమ్ముడు అడిగింది ఇదీ: పగలు సోలార్ కరెంటుతో నీళ్లను హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టి, రాత్రి అదే సెల్‌లో వాటిని కలిపి ఏరేటర్లు (గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పుకోవచ్చా అని. మాదీ కావలి వైపే తమ్ముడూ. తెల్లారుజామున కరెంటు పోయి, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి, రొయ్య పైకి తేలితే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో చూసినవాణ్ణి. పీహెచ్‌డీలో నాలుగేళ్లు ఈ సెల్ మీదే పనిచేశాను.

వీలవుతుంది. దీన్ని రీజనరేటివ్ ఫ్యూయల్ సెల్ అంటారు. హైడ్రోజన్ వైపు పెద్ద ఇబ్బంది లేదు, చర్యను వేగంగా జరిపించే క్యాటలిస్టుగా కొంచెం ప్లాటినం చాలు. చిక్కంతా ఆక్సిజన్ వైపే. ఆక్సిజన్‌ను నీళ్లుగా మార్చడంలో ప్లాటినం మేటి. అదే నీళ్లలోంచి ఆక్సిజన్ తీసేటప్పుడు, ఆ వోల్టేజీకి దాని మీద ఆక్సైడ్ పొర కట్టి పని మందగిస్తుంది. ఇరిడియం ఆక్సైడ్ సరిగ్గా దీనికి వ్యతిరేకం: ఆక్సిజన్ తీయడంలో దిట్ట, మళ్లీ నీళ్లు చేయడంలో మొద్దు. అందుకే రెండూ కలిపి పూస్తారు. రెండూ ఖరీదే, ఇరిడియం మరీ అరుదు.

నా మొదటి ఏడాది ఇక్కడే పోయింది. ఫ్యూయల్ సెల్ కోసం తయారైన, కార్బన్ పొడి మీద ప్లాటినం అద్దిన సరుకునే రెండు పనులకూ వాడాను. మొదటి రోజు గ్రాఫ్ ముచ్చటగా వచ్చింది. కొన్ని గంటలు నీళ్లు విడగొట్టించి వెనక్కి తిప్పేసరికి కరెంటు సగానికి పడింది. ప్లాటినమే పాడైందనుకుని వారాల తరబడి దాన్నే మార్చుకుంటూ పోయాను. చివరికి సెల్ విప్పి చూస్తే పూత పలచబడింది, దాని వెనకున్న కార్బన్ పేపర్ చివికిపోయింది. నీళ్లు విడగొట్టేటప్పుడు ఆక్సిజన్ వైపు 1.5 వోల్టులు దాటుతుంది. ఆ వోల్టేజీలో కార్బన్ మెల్లగా కార్బన్ డయాక్సైడ్ అయి పోతుంది, మంట లేకుండానే. కార్బన్ పూర్తిగా తీసేసి, పేపర్ బదులు టైటానియం ఫెల్ట్ (టైటానియం పోగుల పలక) పెట్టాకే సెల్ నిలబడింది. అప్పటినుంచి ఎవరు రెండు దిక్కులా పనిచేసే క్యాటలిస్టు చూపించినా, ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పారు, కింద ఏం పెట్టారు అనే ముందు అడుగుతాను.

పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షార ద్రావణంతో నడిపితే నికెల్, కోబాల్ట్, మాంగనీస్ ఆక్సైడ్లు సరిపోతాయి, ఖర్చు తగ్గుతుంది. కాకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ ద్రావణాన్ని కార్బొనేట్‌గా మార్చేస్తుంది.

ఇక నీ గుంట లెక్క. మామూలుగా ఈ సెల్ నింపేటప్పుడు 1.7 వోల్టులు తీసుకుని, ఇచ్చేటప్పుడు 0.7 ఇస్తుంది. పది యూనిట్లు పోస్తే తిరిగొచ్చేది నాలుగు. 2 హెచ్‌పీ ఏరేటర్ పది గంటలు తిరగాలంటే 15 యూనిట్లు కావాలి, అంటే పగలు 37 యూనిట్లు పట్టాలి. లిథియం బ్యాటరీకైతే 17, 18 చాలు. పైగా నీ బోరు నీళ్లు ఇందులో పోయడానికి లేదు. ఉప్పులోని క్లోరైడ్ క్లోరిన్‌గా వస్తుంది, కాల్షియం, మెగ్నీషియం సెల్ మధ్యలో రెండు వైపులనూ విడదీసే పల్చటి పొరను (మెంబ్రేన్) చెడగొడతాయి. షెడ్డులో గాలికి 4 శాతం హైడ్రోజన్ కలిసినా స్టార్టర్ నిప్పురవ్వకు అంటుకుంటుంది.

చంద్రుడి మీద రెండు వారాల రాత్రికైతే ఈ సెల్ కోసం ఎదురుచూడటంలో అర్థం ఉంది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ58తో ఇస్రో పరీక్షించింది కూడా కరెంటు ఇవ్వడం ఒక్కటే చేసే ఒక దిక్కు ఫ్యూయల్ సెల్‌నే. నువ్వు మాత్రం ఈ పంటకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టుకో, డీజిల్ జనరేటర్‌ను అమ్మొద్దు.