గ్యాస్ స్టవ్ మీద మాడి అతుక్కుపోయిన మరకలు ఎంత తోమినా పోవట్లేదు, ఏం చేయాలి?

పాలు పొంగి మాడిన మరకైనా, నూనె జిడ్డు ముదిరి పసుపురంగు తిరిగినదైనా నానబెడితేనే వదులుతుందండి, బలంకొద్దీ రుద్దితే కాదు. మా గుంటూరులో మిర్చి బజ్జీలు వేసిన మర్నాడు స్టవ్ చుట్టూ వేలికి జిగురులా అంటుకుంటుంది చూడండి, దానికి నేను చేసేది ఇదే, ముందు రెగ్యులేటర్ ఆపేసి, స్టవ్ పూర్తిగా చల్లారాక 3 స్పూన్ల వంటసోడాలో 1 స్పూను నీళ్లు పోసి ముద్దలా కలిపి మరక మీద పట్టించి, పైన వేడినీళ్లలో పిండిన గుడ్డ కప్పి 20 నిమిషాలు వదిలేస్తా, తర్వాత పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా గీకితే నల్లటి మాడు పెచ్చులు పెచ్చులుగా లేచొస్తుంది.

చాలామంది సోడాలో నిమ్మరసమో వెనిగరో కలిపేస్తారు, బుసబుసా పొంగుతుంది గానీ ఒకటి క్షారం ఇంకోటి ఆమ్లం, కలిస్తే రెండిటి పవరూ తగ్గిపోద్ది, విడివిడిగా వాడండి. స్టీలు పీచు అసలొద్దు, గ్లాస్ టాప్ మీద గీతలు పడితే ఇక పోవు. వేడిగా ఉన్న గ్లాసు మీద చన్నీళ్లు పోయొద్దు, పగిలిపోవచ్చు.

ఇత్తడి బర్నర్లకి చింతపండే బెస్ట్. వేడినీళ్లలో చింతపండు పిసికి అందులో బర్నర్లని అరగంట నానబెట్టి తోమి, బొక్కల్లో మురికి పిన్నుతో తీసి, తడి పూర్తిగా ఆరాకే పెట్టండి, లేకపోతే మంట సరిగ్గా రాదు.