నా చీరల ఫొటోలు కాపీ కొట్టి ఇంకో సెల్లర్ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. ఏం చేయొచ్చు? సైటు నిబంధనలకు 'ఐ అగ్రీ' నొక్కేశాక నాకసలు హక్కులుంటాయా?

ఉంటాయి. కాకపోతే మీరు దేన్ని నమ్ముకుని కూర్చుంటారో అది అక్కరకు రాదు, మీరు లెక్కలోకే తీసుకోనిది పని చేసిపెడుతుంది. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది పోచంపల్లి పక్కన పల్లె. మామయ్య మగ్గం నేస్తారు. మా ఆయన చిటికి కడతాడు (రంగు అంటకుండా నూలుకు ముడులు వేయడం), రంగులు అద్దుతాడు. అత్తమ్మ ఆసు పోస్తుంది, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి చుడుతుంది. ఫొటోలు తీయడం, పేజీలో పెట్టడం, ఫోన్లు ఎత్తడం, పార్సిళ్లు కట్టడం నా పని. 'ఇంట్లో కూర్చుని ఫోన్ చూస్తుంటుంది' అని చుట్టాలు అనేది ఈ పనినే.

ఒక మధ్యాహ్నం వైజాగ్ నుంచి ఒకావిడ ఫోన్. "ఏమ్మా, చేనేత అని చెప్పి ఇలాంటి గుడ్డ పంపుతారా? నీళ్లలో పెట్టగానే రంగంతా దిగిపోయింది" అని గట్టిగా అందుకుంది. ఆవిడ పేరు మీద నేను పార్సిలే కట్టలేదు. నిదానంగా అడిగితే తేలిందేమంటే, ఆవిడ కొన్నది ఒక పెద్ద షాపింగ్ సైట్లో, 899 రూపాయలకి. మోసపోయానని అర్థమయ్యాక ఆ ఫొటోను గూగుల్‌లో పెట్టి వెతికితే మా పేజీ తగిలింది, అందులో నా నంబరు. అదే చీర మా దగ్గర పదకొండు వేలు. "పండగ ఆఫర్ అనుకున్నానమ్మా" అంది.

లింకు పంపించుకుని తెరిచాను. మా వాకిలి, మా చీర. కొంగు సాపుగా నిలబడాలని ఆ రోజు మామయ్యను అంచు పట్టుకోమన్నాను. పైన మూలన ఉన్న మా పేరు కత్తిరించాడు గానీ కింద మామయ్య బొటనవేలు అలాగే ఉంది, గోరు చుట్టూ నీలిరంగుతో సహా. ఆ రంగు ఎన్ని సబ్బులు పెట్టినా పోదు. ఫోన్ తీసుకెళ్లి చూపించాను. మామయ్య కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "నా ఏలు వెట్టి వాడు చీర అమ్ముతుండా?" అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ వేలు చూపించారు.

వైజాగ్ ఆవిడ సంగతి తొందరగా తేలింది, ఎందుకంటే ఆవిడ కొనుగోలుదారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైటుకు ఒక గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆవిడ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసింది, ఫొటోలు పంపింది, డబ్బు వెనక్కి వచ్చింది. మనం అమ్మేవాళ్లం కాబట్టి మనకంత మర్యాద లేదు. ఆ నిబంధనలు రాసినవాళ్ల దృష్టిలో అమ్మేవాడంటే మోసగాడే, మోసపోయేవాడు కాదు.

ముందు సైట్లో ఉన్న ఫిర్యాదు ఫారం నింపాను. మొదటి గడిలోనే ట్రేడ్‌మార్క్ నంబరు అడిగింది. అప్పటికి మాకు లేదు. ఖాళీగా వదిలితే ముందుకు పోదు. పక్కన ఉన్న ఇంకో దారిలో రాస్తే, 'మేము కేవలం మధ్యవర్తులం, సెల్లర్‌తో మాట్లాడుకోండి' అని మెషీన్ జవాబు. ఇక్కడే చాలామంది వదిలేస్తారు. వదలకండి.

ఐటీ చట్టం 79వ సెక్షన్ ఆ సైట్లకు ఒక గొడుగు పట్టింది, నిజమే. సంత జరిపేవాడు తైబజారు వసూలు చేసుకుంటాడు, ఎవడో దొంగ గేదెను తోలుకొచ్చి అమ్మితే నేరం సంత జరిపేవాడిది కాదు. కానీ గేదె అసలు యజమాని వచ్చి 'అదిగో, మూడో వరసలో కట్టేసింది నాదే' అని చూపించాక కూడా కళ్లు మూసుకుంటే ఆ మినహాయింపు వర్తించదు. 2016లో ఒక పాటల కంపెనీ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది దాదాపు ఇదే: ఫలానా చోట ఫలానా కాపీ ఉందని కచ్చితంగా చూపిస్తే తీసేయాలి. కాబట్టి 'మా ఫొటోలు వాడుతున్నారు, న్యాయం చేయండి' అని రాస్తే లాభం లేదు. లింకు ఇవ్వాలి.

కాపీరైట్ నిబంధనలు, 2013లో 75వ నిబంధన ఉంది. దాని ప్రకారం నోటీసు రాసి గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ చేశాను. ఫొటో నాదేననడానికి ఆధారం (ఫోన్లో ఉన్న అసలు ఫైలు, అదే రోజు అదే వాకిట్లో తీసిన మిగతా ఫొటోలు), వాళ్ల లింకు, నా అనుమతి లేదన్న మాట, అవసరమైతే కోర్టులో దావా వేసి ఆర్డరు తెస్తానన్న హామీ. ఈ చివరిది లేకపోతే నోటీసు చెల్లదంటారు, మర్చిపోవద్దు. అందిన 36 గంటల్లో తీసేయాలి. తీసేశారు. మెషీన్ కాదు, మనిషే జవాబిచ్చాడు, 'మేడమ్' అని కూడా అన్నాడు.

ఇందులో ఒక మెలిక ఉంది. 21 రోజుల్లోపు మీరు కోర్టు ఆర్డరు తేకపోతే వాళ్లు మళ్లీ పెట్టుకోవచ్చు. మా ఫొటోలు కొట్టేసినవాడు అంతదాకా ఆగలేదు, ఇంకో దుకాణం పేరుతో అదే ఫొటోతో ప్రత్యక్షమయ్యాడు. మళ్లీ నోటీసు. ఈసారి ఎర్ర చీర ఫొటో. మళ్లీ నోటీసు. విసుగు వాడికి ముందు పుట్టింది.

ఫొటోకి కాపీరైట్ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తీసిన క్షణం నుంచే హక్కు మీది. ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఇది ఇంట్లో చదివి వినిపిస్తే మామయ్య మగ్గం ఆపేశారు. "నువ్వు టక్కున ఒత్తిన ఫొటోకు అరవై ఏండ్లా? మరి నా చీరకెన్నేండ్లు?"

నా దగ్గర జవాబు లేదని కాదు. ఉన్న జవాబు చెప్పబుద్ధి కాలేదు.

చీర డిజైన్‌ను డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్టర్ చేయిస్తే 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5. కానీ డిజైన్ కొత్తదై ఉండాలి, అంతకుముందు ఎక్కడా బయటపెట్టి ఉండకూడదు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, పది మంది 'సూపర్ అక్కా' అన్నాక దరఖాస్తు చేస్తే అది కొత్తది కాదు. ఏనుగు, చిలుక, నాలుగు కళ్ల గడి లాంటివి తాతల నాటివి, అవి ఎవరి పేరునా రావు. పోనీ కాపీరైట్ ఉంటుందా అంటే, కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ఒక లెక్క పెట్టింది: రిజిస్టర్ చేయించదగిన డిజైన్‌ను చేయించకుండా వదిలి, దాన్ని పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారు చేస్తే కాపీరైట్ పోతుంది. అచ్చు యంత్రాల కాలంలో 50 అనేది పొద్దున టీ తాగేలోపు అయ్యే పని. చీరకు పడుగు సవరించి, రబ్బరు ముక్కలతో ముడులు కట్టి, రంగు ముంచి, విప్పి, మళ్లీ కట్టి, వారాలు పోతాయి. చట్టం దగ్గర ఆ వారాలకు లేని విలువ నా ఫోన్ కెమెరా మీటకు ఉంది. నా కడుపుమంట ఇదే, ఈ జవాబు రాయడం మొదలుపెట్టింది కూడా నిజానికి దీని కోసమే.

ఆసు సంగతే చూడండి. ఒక్కో చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టారు. దానికి పేటెంట్ వచ్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది, రావాల్సిందే. యంత్రానికి కాయితం దొరికింది, ఆ యంత్రంతో తయారయ్యే అందానికి దొరకలేదు.

'జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు) ఉంది కదా' అని కింద కామెంట్లలో ఎవరో ఒకరు రాస్తారు, నాకు తెలుసు. ఉంది. పోచంపల్లి ఇక్కత్ (ముందే ముడులు కట్టి రంగులద్దిన నూలుతో నేసే బట్ట) దేశంలో తొలినాళ్లలో జీఐ పొందిన వాటిలో ఒకటి. కానీ జీఐ కాపాడేది పేరును, నమూనాను కాదు. ఎక్కడో అచ్చేసిన గుడ్డను 'పోచంపల్లి చీర' అని అమ్మితే 1999 జీఐ చట్టం కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. 'పోచంపల్లి స్టైల్ ప్రింట్' అని రాస్తే మాత్రం లాయర్లు వాదనకు దిగుతారు. అయినా నేతగాళ్లందరూ ఆ జీఐ పేరు వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోండి. ఆ ఫీజు 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. టీ కంటే చవక. ఆ నమోదు ఉంటేనే మీ పేరున మీరు దావా వేయగలరు.

కొనేవాళ్లకు ఒక్క మాట: ఇక్కత్ చీరను తిరగేసి చూడండి. రెండు వైపులా ఒకే రంగు, గీతల అంచులు కొంచెం అలుక్కుపోయినట్టు ఉంటాయి. అచ్చు గుడ్డకు వెనక వైపు వెలిసిపోయి ఉంటుంది, గీత మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. రీల్స్‌లో అరిచేవాళ్ల దగ్గర ఈ ముక్క వినలేదు నేను.

రీల్స్ అంటే గుర్తొచ్చింది. మా చీర ఫొటో వాడుకుని కింద 'క్రెడిట్స్: గూగుల్' అని రాసేవాళ్లున్నారే, వాళ్లతో నాకు వేగడం కష్టం. గూగుల్ మగ్గం నేసిందా? 'నో కాపీరైట్ ఇంటెండెడ్' అని ఇంకొందరు. ఆ ముక్కకు చట్టంలో కాణీ విలువ లేదు. ఇంకో రకం, హోల్‌సేల్ గ్రూపుల్లో వచ్చిన ఫొటోలనే పెట్టి వ్యాపారం చేస్తూ, పక్కవాడు అవే పెడితే 'కాపీ కొట్టాడు' అని ఏడ్చేవాళ్లు. ఆ ఫొటో తీసింది మీరు కాదు, డబ్బిచ్చి తీయించుకున్నదీ మీరు కాదు, మీకేం హక్కు? డబ్బిచ్చి ఫొటోగ్రాఫర్‌తో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు మీదే అవుతుంది. రసీదు దాచుకోండి. అసలు ఫైలు కూడా దాచుకోండి, వాట్సాప్‌లో తిరిగొచ్చిన ఫొటోకు తారీఖు వివరాలు మిగలవు. స్క్రీన్‌షాట్ కోర్టుదాకా వెళ్లాల్సి వస్తే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

ఇక ప్రశ్నలో రెండో ముక్క, 'ఐ అగ్రీ'. చెల్లుతుంది. చదవలేదు, ఇంగ్లిష్ రాదు, తొందరలో నొక్కాను అంటే కుదరదు. మనది 1872 నాటి కాంట్రాక్టు చట్టం, దానికి తోడు ఐటీ చట్టంలో 10ఏ సెక్షన్: కంప్యూటర్లో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లదనకూడదు. 2010లో సుప్రీంకోర్టు ఈమెయిళ్లలో కుదిరిన బేరాన్నే ఒప్పందమంది. కానీ మీరు నొక్కింది సైటుతో, దొంగతో కాదు. సైటు ఒప్పందంలో 'గొడవలన్నీ బెంగళూరు కోర్టులోనే' అని ఉంటే అది మీకూ సైటుకూ మధ్య మాట. ఫొటో దొంగిలించినవాడి మీద కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం మీరు వ్యాపారం చేసుకునే చోటే, మీ జిల్లాలోనే దావా వేయొచ్చు.

ఆ ఒప్పందమంతా చదవమని చెప్పను, ఎవరూ చదవరు. మీ ఫొటోల మీద సైటుకు ఇచ్చే లైసెన్సు ఎంతవరకు అన్నది మాత్రం వెతికి చదవండి. కొన్ని సైట్లలో ఒకే వస్తువుకు ఒకే పేజీ ఉంటుంది, మీరు కష్టపడి తయారు చేసిన పేజీకి ఇంకొకడు వచ్చి వేలాడతాడు. ఫొటో మీది, రివ్యూలు మీవి, పంపే గుడ్డ వాడిది. 2022లో ఆడవాళ్ల బట్టల బ్రాండు యజమాని ఒకాయన దీని మీదే ఢిల్లీ హైకోర్టుకు వెళితే, యజమాని అనుమతి లేకుండా అలా వేలాడనివ్వడం కుదరదని కోర్టు సైటుకు ఆర్డరిచ్చింది. అయితే ఆయనకొక బ్రాండు పేరు ఉంది. అది చదివాకే మేమూ ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు పెట్టాం. చిన్న వ్యాపారులకు ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు. ఏజెంట్లు పది, పదిహేను వేలు చెప్తారు. ఫారం మీరే నింపుకోవచ్చు, నేను నింపాను.

రిటర్నుల క్లాజు, ఆర్బిట్రేటర్‌ను ఎవరు పెడతారన్న క్లాజు కూడా చూడండి. తగాదా తీర్చేవాణ్ని కంపెనీ ఒక్కటే ఏకపక్షంగా పెట్టుకుంటే చెల్లదని సుప్రీంకోర్టు 2019 నుంచీ చెబుతోంది, అయినా పాత ఒప్పందాల్లో ఆ వాక్యం అలాగే పడి ఉంటుంది. చూసిన పేజీలను పీడీఎఫ్ చేసి మీ మెయిల్‌కే పంపుకోండి. నిబంధనలు మార్చినరోజు పాతవి సైట్లో కనపడవు, మీరు ఒప్పుకున్నది ఏదో చూపించడానికి మీ దగ్గర కాపీ ఉండాలి.