పాత లారీ డీజిల్ పంపు కారతా ఉంటే, విప్పే ముందు ఇది చదువు

అల్లుడూ,

ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తా ఉన్నా, తీరిగ్గా చదువు. నీ 1613 లారీ డీజిల్ పంపు కారతా ఉంది, పంపే మార్చేయమంటున్నారు అన్నావు. మార్చొద్దు. పంపులో ఇనుము అంత తొందరగా పోదు, ముందు పోయేది రబ్బరు, రాగి వాషర్లు. వాటి కోసం మొత్తం పంపు తీసేసి సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి వేసుకుంటే దాంట్లో ఎలిమెంట్లు (డీజిల్‌ని ప్రెషర్‌తో తోసే ప్లంజర్, అది ఆడే బ్యారెల్ జతలు) ఎంత అరిగినాయో ఎవరికి తెలుసు? నీ బండి మదనపల్లె నుంచి టమాటా లోడు వేసుకొని ఘాట్‌లో పొగ లేకుండా లాగుతా ఉంది, పొద్దున్నే సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటా ఉంది అంటే లోపల బాగున్నట్టే.

నీ బండికి ఉన్నది మైకో పంపు. మైకో పంపులంటే మన బెంగళూరు పంపులే, ఆ కంపెనీ మొదలైంది 1951లో, 2008లో బాష్ అని పేరు మార్చుకున్నారు గానీ గ్యారేజీల్లో ఇంకా మైకో అనే అంటాం. పంపు పక్కన చిన్న నేమ్ ప్లేట్ ఉంటుంది, దాన్ని గుడ్డతో తుడిచి ఫోటో తీసుకో, బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో సీల్ కిట్ అడిగేటప్పుడు ఆ నంబర్ చూపించు. "1613కి ఇవ్వు" అంటే ఏదో ఒకటి ఇచ్చేస్తారు. O-రింగులు (గుండ్రటి రబ్బరు సీళ్లు) విటాన్ అనే రకం రబ్బరువి దొరికితే అవే తీసుకో, రేటు ఎక్కువైనా సరే. ఎందుకంటే 2017 నుంచి దేశమంతా డీజిల్‌లో సల్ఫర్ 50 పీపీఎంకి (పది లక్షల్లో 50 పాళ్లు), 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య రూల్‌తో 10 పీపీఎంకి తగ్గించేసినారు. గాలికి మంచిదే. కానీ సల్ఫర్ తీసేటప్పుడు డీజిల్‌లో ఉండే ఆరోమాటిక్స్ అనే రసాయనాలు కూడా కొంత తగ్గుతాయి, పాత నైట్రైల్ రబ్బరు వాటిని పీల్చుకొని కొంచెం ఉబ్బి టైట్‌గా కూర్చోనుంటుంది, అవి తగ్గేసరికి రింగు కుంచించుకుపోతుంది, అప్పటికే గట్టిపడి ఉంటే ఇంక పట్టదు. విటాన్‌కి ఆ బెడద తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. ఎక్కడ కారతా ఉందో కచ్చితంగా తెలీకుండా స్పానర్ పట్టుకోవద్దు. పంపంతా తడిగా ఉంటే అన్ని చోట్లా కారినట్టే కనిపిస్తుంది. బ్రష్షుతో డీజిల్ కొట్టి బాగా కడుగు, గాలి కొట్టి ఆరబెట్టు, ఇంజన్ ఐడిల్‌లో పెట్టి టార్చ్ వేసుకొని చూడు. పైపు నట్టు దగ్గరా, దాని కింద డెలివరీ వాల్వ్ హోల్డర్ (వాల్వ్‌ని పట్టి ఉంచి, పైన పైపు బిగించే భాగం) మొదట్లోనా, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) ప్యాకింగ్ దగ్గరా, చేత్తో కొట్టే ప్రైమర్ దగ్గరా, రిటర్న్ పైపు బోల్టు వాషర్ దగ్గరా, లేదా ముందర కప్లింగ్ (ఇంజన్‌ని పంపుకి కలిపే జాయింటు) వెనకాల ఆయిల్ సీల్ నుంచా. చాలాసార్లు రిటర్న్ పైపు రాగి వాషర్ ఒక్కటి మారిస్తే పని అయిపోతుంది, పంపు దించే పనే ఉండదు. అనుమానం ఉన్నచోట పేపర్ ముక్క పెట్టి చూడు, వేలు మాత్రం పెట్టొద్దు. పాత ఇంజన్లలో కూడా నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) తెరుచుకోవడానికి 200 బార్ దగ్గర ప్రెషర్ కావాలి, ఆ చుక్క చర్మంలోకి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, లోపల చెయ్యి పాడైపోతుంది. అట్లా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి పో, డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయిందని డాక్టరుకు అర్థమయ్యేలా చెప్పు.

బయటికి కనపడే లీకు కంటే కనపడనిది ప్రమాదం. డిప్ స్టిక్ తీసి చూడు, ఆయిల్ లెవెల్ పెరిగి డీజిల్ వాసన వస్తా ఉంటే ఫీడ్ పంపు లోపలి సీల్ నుంచో, ఎలిమెంట్ల నుంచో డీజిల్ ఆయిల్‌లోకి దిగతా ఉందని అర్థం. అట్లాంటి బండిని నడపొద్దు, బేరింగులు పోతాయి.

పంపు దించాల్సిందే అని తేలితే ముందు బ్యాటరీ తీసెయ్యి, మొదటి సిలిండర్‌ని కంప్రెషన్ మీదకి తెచ్చి ఇంజెక్షన్ మార్కు (డీజిల్ కొట్టే టైము చూపే గుర్తు) దగ్గర నిలుపు. ఇంజన్ తిరిగే దిక్కుకే తిప్పు, మార్కు దాటిపోతే వెనక్కి తిప్పి సరిపెట్టొద్దు, గేర్ల మధ్య ఆట ఉంటుంది, టైమింగ్ తప్పుతుంది. మార్కు కంటే ఇంకా కాస్త వెనక్కి పోయి, మళ్ళీ ముందుకి తిప్పుకుంటా మార్కు మీదకి రా. కప్లింగ్ మీద, పంపు బాడీ మీద సన్నగా గీత గీసుకో, ఫోటో కూడా తీసుకో. యాక్సిలరేటర్ రాడ్, స్టాప్ కేబుల్, ఆయిల్ పైపు విప్పు. హై ప్రెషర్ పైపులు విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడు, ఒకటి హోల్డర్‌ని కదలకుండా పట్టుకోవడానికి, ఇంకోటి నట్టుకి. చాలా బండ్లలో లీకు మొదలయ్యేదే ఇక్కడ, ఒక్క స్పానర్‌తో లాగితే నట్టుతో పాటు కింద హోల్డర్ కూడా తిరిగిపోతుంది. పైపు తీసిన ప్రతి నోటికీ వెంటనే క్యాప్ పెట్టు. ఆరు సిలిండర్ల పంపు బరువు ఉంటుంది, ఇద్దరు పట్టుకొని దించండి.

పని చేసే చోటు గురించి కొంచెం గట్టిగానే చెబుతా. యశ్వంతపురం రోడ్డు పక్కన దుమ్ములో పంపు తెరవొద్దు. ప్లంజర్‌కి బ్యారెల్‌కి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే, తల వెంట్రుక మందమే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, ఒక్క ఇసుక రేణువు చాలు గీత పడడానికి. తలుపు మూసిన గది, శుభ్రమైన ట్రే, వడగట్టిన డీజిల్, నూలు ఊడని గుడ్డ ఉండాలి, బనియన్ వేస్ట్ అసలు వద్దు.

మైకో పంపుల్లో 'A' టైపు, 'P' టైపు అని ఉంటాయి, నీది ఏదో చూసుకో. 'P' టైపు అయితే ప్రతి ఎలిమెంట్ పైన రెండు నట్ల ఫ్లాంజ్ ఉంటుంది, దాన్ని నువ్వు వదులు చెయ్యొద్దు, డెలివరీ కొలత అక్కడే ఉంది, తేడా వస్తే టెస్ట్ బెంచ్ మీద తప్ప సరికాదు. అక్కడ కారితే పంపుని అట్లే క్యాలిబ్రేషన్ షాపుకి తీసుకుపో. 'A' టైపు అయితే ఒక్కొక్క హోల్డరే విప్పు, ఒకటి పూర్తిగా బిగించాకే రెండోది ముట్టుకో. డెలివరీ వాల్వ్, దాని సీటు జత, ఒకదాన్ని ఇంకోదాంట్లో వేస్తే పాడవుతాయి. కొత్త O-రింగుకి శుభ్రమైన డీజిల్ రాసి మెలి తిరగకుండా ఎక్కించు. రాగి వాషర్ కొత్తదే వెయ్యి, పాతదాన్ని కాల్చి వేసే అలవాటు మనోళ్లకు ఉంది గానీ దాని ఖరీదెంత చెప్పు. సిలికాన్ గమ్ము డీజిల్ పోయే చోట పూయొద్దు, ముక్కలు ఊడి నాజిల్‌లోకి పోతాయి. హోల్డర్‌ని మాన్యువల్‌లో చెప్పినంత టార్క్‌కే బిగించు, కారకూడదని పైప్ పెట్టి లాగితే బ్యారెల్ వంకర పోయి ప్లంజర్ పట్టేస్తుంది. అందుకే ఒక్కో హోల్డర్ బిగించాక రాక్‌ని (డీజిల్ ఎక్కువ తక్కువ చేసే పంపు కడ్డీ) చేత్తో కదిపి చూడు, ఈజీగా జారాలి. గట్టిగా ఉంటే వదులు చేసి, మళ్ళీ కొంచెం కొంచెంగా బిగించు.

ముందర ఆయిల్ సీల్ మార్చాలంటే కప్లింగ్‌ని పుల్లర్‌తోనే తియ్యి, షాఫ్టు చివర సుత్తితో కొట్టొద్దు. సీల్ కూర్చునే చోట షాఫ్ట్ మీద గాడి పడి ఉందేమో చూడు, ఉంటే కొత్త సీల్ కూడా నిలవదు. కీ గాడి మీద టేప్ చుట్టి, సీల్ అంచుకి ఆయిల్ రాసి ఎక్కించు.

గవర్నర్ (ఇంజన్ స్పీడు అదుపు చేసే భాగం) వైపు మూత జోలికి పోవద్దు. అది బెంచ్ ఉన్నవాళ్ల పని.

తిరిగి బిగించేటప్పుడు గీత మీద గీత కూర్చోవాలి, పంపుకి ఆయిల్ పొయ్యి. ముందు ఫిల్టర్ దగ్గర ఎయిర్ తియ్యి, తర్వాత పంపు బ్లీడ్ స్క్రూ దగ్గర, ప్రైమర్ కొడతా బుడగలు లేకుండా వచ్చేదాకా. చివర్లో ఇంజెక్టర్ల దగ్గరి పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టు, ఒక్కోసారి 15 సెకన్లకి మించొద్దు, మోటార్ కాలిపోతుంది. కొట్టే ముందు స్టాప్ లివర్ పని చేస్తా ఉందో లేదో చూసి తీరాలి. రాక్ ఇరుక్కుంటే ఇంజన్ స్టార్ట్ అవ్వగానే రేస్ ఎక్కిపోతుంది, తాళం తీసినా ఆగదు. అందుకే ఒక మనిషిని గట్టి చెక్క ప్లేటు ఇచ్చి ఎయిర్ ఇన్‌టేక్ దగ్గర నిలబెట్టు, గాలి మూసేస్తే ఆగుతుంది. చెయ్యి, గుడ్డ అడ్డం పెట్టకూడదు, లాగేసుకుంటుంది.

స్టార్ట్ అయ్యాక గట్టిగా నాకింగ్ కొడితే టైమింగ్ ముందుకి పోయింది, వేడెక్కినా తెల్ల పొగ పోకపోతే వెనక్కి పడింది అనుకొని మార్కు చూడు. హోసకోట దాకా ఖాళీ బండితో ఒక రౌండ్ పోయి వచ్చి, పంపు కింద పేపర్ పరిచి రాత్రి వదిలెయ్, పొద్దున చూసి తడి లేకపోతేనే లోడు ఒప్పుకో. విప్పిన పాత సీళ్లు పారెయ్యొద్దు, ఈసారి వచ్చినప్పుడు తీసుకురా, ఎక్కడ పగిలినాయో చూస్తే మిగతావి ఎంత కాలం వస్తాయో చెప్తా.

మీ మామ