వంకర కప్పు వాడాలా, దాచాలా?

ప్రశ్న: మా చెల్లెలు సరదాగా కుండల పని నేర్చుకుంటూ నాకో సెరామిక్ కప్పు చేసిచ్చింది. ఓ పక్కకి ఒరిగి ఉంటుంది, పిడి మొదట్లో దాని బొటనవేలి ముద్ర పడింది. ఈమధ్య లోపల గ్లేజు మీద సాలెగూడులా సన్నటి గీతలొచ్చాయి. పగిలిపోయింది, పారెయ్ అంటున్నారు ఇంట్లో. నాకు మనసొప్పడం లేదు. షోకేసులో పెట్టేయనా?

జవాబు: పారేయకండి, షోకేసులో కూడా పెట్టకండి. చేతిలోకి తీసుకోని కప్పు మీద ఇష్టం ఎన్నాళ్లుంటుంది చెప్పండి.

ముందు ఆ వేలిముద్ర సంగతి. పచ్చిమట్టికి పిడి అతికించేటప్పుడు మొదలు దగ్గర గట్టిగా అదమకపోతే అది ఆరేటప్పుడే ఊడొస్తుంది, కాబట్టి మీకు కనిపించేది లోపం కాదు, పిడి నిలవడానికి మీ చెల్లెలు చేసిన పనే. ఒరగడం మామూలే, గోడ మందం ఒక పక్క తగ్గినా కాల్చేటప్పుడు వాలిపోతుంది.

ఇక గీతలు. గ్లేజు అంటే మట్టి మీద కరిగి అతుక్కున్న గాజుపొర. చల్లారేటప్పుడు అది కింది మట్టికంటే ఎక్కువ కుంచించుకుపోతే లాగుడు తట్టుకోలేక చిట్లుతుంది, ఒక్కోసారి మట్టి తేమ పీల్చి ఉబ్బడం వల్ల నెలల తర్వాత కూడా. చైనాలో సాంగ్ రాజుల కాలంనాటివని చెప్పుకునే ‘గే’ రకం పాత్రలకు పేరొచ్చిందే ఈ గీతలతో! అయితే నిజం పగులు వేరు. వేలితో అంచు మీద కొట్టి చూడండి, ఖంగుమంటే సరే, మొద్దుగా వినిపిస్తే అనుమానించాలి. నీళ్లు నింపి పొడి కాగితం మీద రాత్రంతా ఉంచండి, పొద్దున అడుగున తడి మరక ఉంటే మట్టి నీళ్లు పీలుస్తోందన్నమాట. అలాంటి దాన్ని మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, గీతల్లోకి పాలు, టీ దిగి మురికి చేరుతుంది కనుక తాగడానికీ వద్దు, పెన్నులు వేసుకోండి.

తడి లేకపోయినా ఒకటి అడగాలి, ఆ గ్లేజు తినే పాత్రలకు పనికొచ్చేదేనా అని. సీసం ఉన్నవి కూడా ఉంటాయి, పులుపు తగిలితే అది బయటికొస్తుంది. మొహమాటపడకండి, నేర్చుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయమే. పనికొచ్చేదే అంటే హాయిగా టీ తాగండి, తాగాక నానబెట్టి వదిలేయకుండా కడిగి ఆరబెట్టండి.

ఇంట్లోవాళ్లంటారా, వాళ్లక్కూడా ఒక్కో కప్పు చేసిపెట్టమని చెల్లెలికి చెప్పండి. ఎవరిది ఎక్కువ వంకరో అప్పుడు చూద్దాం.